సముద్రగాలి తగిలే ఫ్లాట్ బాల్కనీకి తుఫాను తెర కట్టుకోవడం ఎలా

బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో ఒక్క ముక్క రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. భీమవరం నుంచి మా బాబాయి కొడుకు, అమలాపురం నుంచి మా ఆవిడ తరఫు వాళ్లు, మా అపార్ట్‌మెంట్‌లోనే కింది అంతస్తుల వాళ్లు, అందరూ అడిగేది ఒకటే. "మీ బాల్కనీకి తెర కట్టారు కదా, అది మేమూ రేపటికల్లా కట్టుకోవచ్చా?" రేపటికల్లా కుదరదు. తెర అంటే, గాలికి ఎగిరొచ్చేవి అద్దానికి తగలకుండా బాల్కనీకి నిండుగా బిగించే గట్టి గుడ్డ. ఎండాకాలంలో మొదలుపెడితే దసరా నాటికి ప్రశాంతంగా అయిపోయే పని ఇది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసేస్తే మేలనిపించింది.

నేను కాకినాడలో ఆరో అంతస్తులో ఉంటాను. హాలు బాల్కనీ తూర్పుకి, అంటే సముద్రం వైపుకే తెరుచుకుంటుంది. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, మొక్కలకి కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్‌ని రెండు పొరలుగా మడిచి నైలాన్ తాడుతో రైలింగ్‌కి గట్టిగా బిగించాను. గాలి పెరిగేసరికి అది పడవ తెరచాపలా ఉబ్బింది, రైలింగ్ కాళ్ల దగ్గరి స్క్రూలు టైల్‌తో సహా ఊడొచ్చాయి, నెట్ చివర కట్టిన పైపు గాల్లో తిరుగుతూ వచ్చి బాల్కనీ అద్దం తలుపుని పగలగొట్టింది. పిల్లలు లోపలి గదిలో ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఏమీ కట్టకుండా వదిలేసుంటే ఆ రోజు ఆ అద్దం పగిలేదే కాదు. అందుకే కింద చెప్పేవాటిలో గుడ్డ గురించి తక్కువ, ఆ గుడ్డ దేన్ని పట్టుకుని నిలబడుతుందన్న దాని గురించి ఎక్కువ ఉంటుంది.

ఇలాంటి గుడ్డ తెరలు అమెరికాలో ఫ్లోరిడా తీరపు అపార్ట్‌మెంట్లలో బాగా వాడతారు. 1992 ఆగస్టు 24న హరికేన్ ఆండ్రూ దక్షిణ ఫ్లోరిడాని ధ్వంసం చేశాక అక్కడి మయామీ-డేడ్ కౌంటీలో నిబంధనలు బాగా బిగించారు. తలుపులకీ కిటికీలకీ పెట్టే రక్షణ ఏదైనా సరే పరీక్షకి నిలబడాలి. సుమారు నాలుగు కిలోల చెక్క ముక్కని సెకనుకి 50 అడుగుల వేగంతో దాని మీదికి వదులుతారు, ఆ తర్వాత గాలి ఒత్తిడిని లోపలికీ బయటికీ పదేపదే మార్చి చూస్తారు. 30 అడుగుల కంటే ఎత్తున ఉన్న అంతస్తులకైతే చెక్క బదులు చిన్న ఉక్కు గుళ్లతో పరీక్ష ఉంటుంది. మనం ఇక్కడ కుట్టించుకునే తెరకి అలాంటి సర్టిఫికెట్ ఉండదు, అది మనసులో పెట్టుకోండి. కొమ్మలు, కొబ్బరి మట్టలు, రేకు ముక్కలు, పక్కింటి ట్యాంకు మూత లాంటివి నేరుగా అద్దానికి తగలకుండా ఆపడం, వాన జల్లు తీవ్రత తగ్గించడం, దీని పని అంతవరకే. ఉప్పెనని ఇది ఆపదు. ఉప్పాడ, ఓడలరేవు, అంతర్వేది లాంటి చోట్ల తీరం పక్కనే ఉండి, అధికారులు ఖాళీ చేయమంటే తెర ఉంది కదా అని ఆగిపోకండి.

ముందు ఒక్క లెక్క

సిద్ధాంతం ఇంతకంటే చెప్పను, కానీ ఈ ఒక్కటీ తెలియకపోతే మిగతాదంతా తప్పుతుంది. గంటకి 110 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 57 కిలోల బరువుతో నెడుతుంది. 180 కిలోమీటర్లయితే అది దాదాపు 150 కిలోలు. మన కోస్తాకి భవనాల డిజైన్‌లో ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం ప్రకారం తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లే. మూడు మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు ఉన్న మామూలు బాల్కనీకి నిండుగా తెర కడితే దాని మీద వెయ్యి కిలోలు దాటిన తోపు పడుతుందన్నమాట. పై అంతస్తులకి, భవనం మూలల్లో ఉన్న ఫ్లాట్లకి ఇంకా ఎక్కువ. ఇంత బరువుని రైలింగ్ మోయదు, కిటికీ ఫ్రేమ్ మోయదు, టైల్ అసలే మోయదు. కాంక్రీటు ఒక్కటే మోస్తుంది.

జాలీ గుడ్డలోంచి గాలి కొంత దూరిపోతుంది కదా, బరువు తగ్గుతుంది కదా అని అడుగుతారు. కొంత తగ్గుతుంది, కానీ తడిసిన గుడ్డకి ఆకులూ చెత్తా అంటుకుంటే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. ఆ తగ్గింపుని లెక్కలోకి తీసుకోకండి.

ఏమేం సిద్ధం చేసుకోవాలి

గుడ్డ: పీవీసీ పూత ఉన్న పాలిస్టర్ జాలీ గుడ్డ, లేదా గట్టిగా నేసిన పాలీప్రొపిలీన్ గుడ్డ. ఎండకి పాడవకుండా యూవీ రక్షణ ఉన్నదే అడగండి. అమ్మేవాళ్ల దగ్గర బలం వివరాల కాగితం ఉంటుంది, 5 సెంటీమీటర్ల పట్టీకి 2000 న్యూటన్లకి తగ్గకుండా చూసుకోండి. ఆ కాగితం ఇవ్వలేనివాళ్ల దగ్గర నేనైతే కొనను.

అంచులకి కుట్టడానికి పాలిస్టర్ బెల్టు, 5 సెంటీమీటర్ల వెడల్పుది. కుట్టడానికి లావు పాలిస్టర్ దారం. నూలు దారం రెండు వేసవులకే పుచ్చిపోతుంది.

యాంకర్లు, అంటే కాంక్రీటులో రంధ్రం వేసి బిగించే బోల్టులు: 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్, 10 మిల్లీమీటర్లవి, కంటి ఆకారపు తలతో. మామూలు జింక్ పూతవి మన ఉప్పుగాలికి ఎక్కువ కాలం ఆగవు. 304 గ్రేడ్ కూడా సముద్రం పక్కన మచ్చలు పడుతుంది. అంచుకి దగ్గరగా రంధ్రం వేయాల్సి వచ్చిన చోట్ల కెమికల్ యాంకర్, అంటే రంధ్రంలో రెసిన్ నింపి రాడ్డు పెట్టేది.

బిగించడానికి 25 మిల్లీమీటర్ల రాచెట్ బెల్టులు, లారీల్లో సరుకు బిగించేవే. ప్రతిదాని మీదా ఎన్ని కిలోలకి పనికొస్తుందో ముద్ర ఉంటుంది, 250 కిలోలకి తగ్గకూడదు.

ఇవి కాక హామర్ డ్రిల్, రంధ్రం శుభ్రం చేసే బ్రష్, గాలి కొట్టే పంపు, పాత సైకిల్ ట్యూబులు, చెరగని మార్కర్, ఇంకా 300 కిలోల వరకు తూచే వేలాడే కాటా. కాటా కొనక్కర్లేదు, రొయ్యల చెరువుల దగ్గరో ధాన్యం కొనేవాళ్ల దగ్గరో ఉంటుంది, ఒక్క పూటకి అడిగితే ఇస్తారు.

ఇంట్లో ఉన్నదే వాడొచ్చా అని చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. వరి కుప్పల మీద కప్పే బరకం వద్దు, గాలి అసలు దూరదు, ఐలెట్ల దగ్గర, అంటే అంచున తాడు దూర్చే లోహపు రింగుల దగ్గర చిరుగుతుంది. ఫ్లెక్సీ బ్యానరైతే వేరే చెప్పక్కర్లేదు, గాలికి ఊడొచ్చి అద్దాలకి తగిలేవాటిలో అవీ ఉంటాయి. చెరువుల మీద పక్షులకి కట్టే వల బలంగానే ఉంటుంది కానీ కన్నాలు పెద్దవి, రేకు ముక్కనీ చిన్న రాయినీ ఆపదు. షేడ్ నెట్ సంగతి పైన చెప్పాను.

పని

1. కాంక్రీటు ఎక్కడుందో తెలుసుకోండి. బాల్కనీ చుట్టూ స్తంభం ఏది, బీమ్ ఏది, ఇటుక ఏది అన్నది ప్లాస్టరింగ్ మీద నుంచి కనబడదు. బిల్డర్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడగండి. దొరకకపోతే 6 మిల్లీమీటర్ల బిట్‌తో చిన్న రంధ్రం వేసి వచ్చే పొడిని చూడండి. ప్లాస్టరింగ్ దాటాక కూడా బూడిద రంగు పొడి గట్టిగా, నెమ్మదిగా వస్తే కాంక్రీటు. ఎర్రగా వస్తే ఇటుక. తెల్లగా మెత్తగా వచ్చి డ్రిల్ వెన్నలోకి దిగినట్టు దిగితే లైట్‌వెయిట్ బ్లాకు. ఫ్లై యాష్ ఇటుక పొడి కూడా బూడిద రంగులోనే ఉంటుంది, అందుకని రంగు ఒక్కదాన్నే నమ్మొద్దు, డ్రిల్ ఎంత కష్టంగా దిగుతోందో చూడండి. ఇటుకలోనూ బ్లాకులోనూ ఈ యాంకర్లు వేయకండి. అవి బిగించినప్పుడు గట్టిగానే అనిపిస్తాయి, అదే ప్రమాదం.

కొత్తగా కట్టిన పెద్ద టవర్లలో కొన్నింటికి పోస్ట్ టెన్షన్ స్లాబులు ఉంటాయి, లోపల బిగించిన ఉక్కు కేబుళ్లు ఉంటాయి. అలాంటి స్లాబుకి ఇంజినీరు గుర్తు పెట్టిన చోట తప్ప ఎక్కడా డ్రిల్ పెట్టకూడదు. మీ భవనానిది ఏ రకమో తెలియకపోతే తెలిసేదాకా ఆగండి.

2. అసోసియేషన్‌కి రాతపూర్వకంగా చెప్పండి, లైసెన్స్ ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీరు ఒకసారి చూసేలా ఏర్పాటు చేసుకోండి. నలుగురైదుగురు కలిసి చేయించుకుంటే ఆ ఫీజు ఒక్కొక్కరికీ భారం కాదు. బాల్కనీ మీ భవనంలో మంటలప్పుడు బయటపడే దారి అయితే తెర లోపలి నుంచి ఒక్క నిమిషంలో విప్పేలా ఉండాలి.

3. కొలతలు. వెడల్పు పైన, మధ్యలో, కింద మూడు చోట్లా కొలవండి. ఎత్తు కూడా ఎడమ, మధ్య, కుడి. మన బాల్కనీలు చూడటానికి నలుచదరంగా ఉంటాయి కానీ రెండు మూడు సెంటీమీటర్లు తేడా ఉంటుంది. తెర రైలింగ్‌కి లోపలి వైపు రావాలి, బయటి వైపు కాదు. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే బయటి వైపు కట్టాలంటే తుఫాను ముందు ఎవరో ఒకరు ఆరో అంతస్తులో రైలింగ్ మీదికి వంగాలి. పైన యాంకర్లు బాల్కనీ పై బీమ్‌కి, కింద యాంకర్లు కాంక్రీటు పిట్టగోడ లోపలి ముఖానికి. పిట్టగోడ ఇటుకదైతే నేల స్లాబుకి.

తెర అంచు పూర్తయ్యాక పైనా కిందా యాంకర్‌కి 10 నుంచి 15 సెంటీమీటర్లు తక్కువగా ఉండాలి, ఆ ఖాళీలోనే బెల్టు బిగుస్తుంది. అందరూ మర్చిపోయేది ఇదే. బాల్కనీకి సరిగ్గా సరిపోయేలా కుట్టించేస్తారు, తర్వాత బిగించడానికి చోటుండదు.

4. కుట్టించడం. లారీ బరకాలు, సీట్లు కుట్టే షాపుకి వెళ్లండి, బట్టల టైలర్ మిషన్ మీద ఇది అవదు. నాలుగు అంచులూ మడిచి, మడతలో బెల్టు పెట్టి, రెండు వరసల కుట్టు. ప్రతి 30 సెంటీమీటర్లకి బెల్టుతోనే ఒక ఉచ్చు, అది అంచుకి కలిసే చోట గడిలా ఒక కుట్టు, ఆ గడిలో ఇంటూ గుర్తులా ఇంకో కుట్టు వేయమనండి. ఇత్తడి ఐలెట్ చాలు సార్ అంటారు. చాలదు. ఐలెట్ గుడ్డని పట్టుకుంటుంది, గుడ్డ చిరుగుతుంది. ఉచ్చు బెల్టుని పట్టుకుంటుంది.

కుట్టు చూసుకోవడానికి ఒక ఉచ్చులో కర్ర దూర్చి, ఒకరు గుడ్డ పట్టుకుని ఇంకొకరు ఒంటి బరువంతా వేసి లాగండి. దారం టక్కుమన్నా, కుట్టు రంధ్రాలు సాగి వెలుతురు కనబడినా వెనక్కి ఇచ్చేయండి.

5. డ్రిల్లింగ్. ఎండ బాగా ఉన్న రోజుల్లో, గాలి లేనప్పుడు, సేఫ్టీ బెల్టు ఉన్న పనివాళ్లతోనే. పైన ప్రతి 30 సెంటీమీటర్లకి ఒకటి, కింద కూడా అంతే, మూడు మీటర్ల బాల్కనీకి పైన 11, కింద 11 వస్తాయి. పక్కల స్తంభాలుంటే వాటికీ. ఎందుకింత దగ్గరగా అంటే, 2.4 మీటర్ల ఎత్తు తెర గాలికి 24 సెంటీమీటర్లు లోపలికి ఉబ్బితే, 180 కిలోమీటర్ల గాలిలో ఒక్కో యాంకర్ మీద 145 కిలోల దాకా లాగుడు పడుతుంది. దూరం 60 సెంటీమీటర్లు చేస్తే అది రెట్టింపు.

రంధ్రం లోతు ప్లాస్టరింగ్‌నీ టైల్‌నీ వదిలేసి, కాంక్రీటులోనే 7 సెంటీమీటర్లు. అంచు నుంచి కనీసం 10 సెంటీమీటర్లు లోపలికి. మధ్యలో రాడ్డు తగిలితే రాడ్డుని కోయకండి, కాస్త పక్కకి జరిగి ఇంకో రంధ్రం వేసి, పాతదాన్ని సిమెంట్ గ్రౌట్‌తో నింపండి. రంధ్రంలో గాలి కొట్టి, బ్రష్ తిప్పి, మళ్లీ గాలి కొట్టాలి. కెమికల్ యాంకర్లకి ఇది చేయకపోతే రెసిన్ దుమ్ముకి అంటుకుంటుంది, కాంక్రీటుకి కాదు. ట్యూబ్ మీద రాసినంత సేపు దాన్ని ముట్టుకోవద్దు.

నేల స్లాబుకి వేస్తే వాటర్‌ప్రూఫింగ్ పొరకి రంధ్రం పడుతుంది, కింది వాళ్ల సీలింగ్‌కి తేమ దిగుతుంది. ప్రతి రంధ్రం చుట్టూ సీలెంట్ వేయించండి. మామూలు రోజుల్లో కాళ్లకి తగలకుండా తల విప్పి తీసేసి, ప్లాస్టిక్ మూత పెట్టుకునే రకం తీసుకోండి.

6. యాంకర్లని కాటాతో పరీక్షించండి. నా ఉద్దేశంలో మొత్తం పనిలో ఇదే అసలు మెట్టు, ఇదే అందరూ వదిలేసేది. పై యాంకర్‌కి వేలాడే కాటా కొక్కెం తగిలించండి, కాటా కింది కొక్కేనికి రాచెట్ బెల్టు, ఆ బెల్టు రెండో చివర ఎదురుగా ఉన్న కింది యాంకర్‌కి. కాటా 200 కిలోలు చూపించేదాకా రాచెట్ తిప్పి, ఐదు నిమిషాలు వదిలేయండి. అంకె కొంచెం తగ్గి ఆగితే అది బెల్టు సాగడం, ఫర్వాలేదు. తగ్గుతూనే ఉంటే, యాంకర్ చుట్టూ సన్నని బీట కనబడితే, లేదా తల ఒక్క మిల్లీమీటరు బయటికి వచ్చినా ఆ యాంకర్ పనికిరాదు. ఇలా ఒక్కసారికి పైదీ కిందిదీ రెండూ పరీక్షించినట్టవుతుంది. పరీక్షించేటప్పుడు బెల్టుకి ఎదురుగా నిలబడకండి, పక్కకి ఉండండి, ఊడితే కాటా ముఖం మీదికి వస్తుంది. పిల్లల్ని ఆ దరిదాపులకి రానీయకండి.

మా 22 యాంకర్లలో మూడు ఈ పరీక్షలో పోయాయి. ఆ మూడూ బీమ్ చివర ప్లాస్టరింగ్‌తో లావు చేసిన చోట పడ్డవి. చేత్తో లాగితే రాయిలా ఉండేవి.

7. తెర వేలాడదీయడం. ముందు పై వరస మొత్తం, మధ్య నుంచి రెండు పక్కలకీ. తర్వాత కింది వరస మధ్యలోది, ఆపైన రెండు మూలలు, ఆపైన మిగతావి. పక్కలు చివర్న. రాచెట్లన్నీ ముందు సగం బిగించి, రెండో విడతలో పూర్తిగా బిగించండి. ఒకదాన్ని ఒకేసారి బిగించేస్తే బరువంతా దాని మీదికే వస్తుంది. మిగిలిన బెల్టు తోకల్ని ముడేయండి, లేకపోతే రాత్రంతా కొరడాల్లా కొట్టుకుంటాయి.

రైలింగ్‌లో గుడ్డకి తగిలే ప్రతిచోటా పాత సైకిల్ ట్యూబు చుట్టండి. గాలి బయటికి లాగినప్పుడు గుడ్డ రైలింగ్‌కి రాసుకుని, ఒక్క రాత్రిలో పొర లేచిపోతుంది.

8. బిగువు సరిచూడటం. మధ్యలో ఇద్దరు అరచేతులు పెట్టి ఒళ్లు మోపి నెట్టండి. 2.4 మీటర్ల తెర జానెడు లోపలికి రావాలి. నాలుగు వేళ్లే వస్తే ఎక్కువ బిగించారు. గట్టిగా ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది గానీ, ఉబ్బే వీలు తగ్గే కొద్దీ యాంకర్ల మీద లాగుడు పెరుగుతుంది, ఉబ్బు సగమైతే లాగుడు దాదాపు రెట్టింపవుతుంది. మూర లోపలికి వస్తే మరీ వదులు, టపటపా కొట్టుకుని కుట్లు తెగుతాయి.

తెరకీ అద్దానికీ మధ్య దూరం ఉబ్బుకి రెట్టింపైనా ఉండాలి. నాలుగడుగుల లోతు బాల్కనీ అయితే దీని గురించి ఆలోచించే పనే లేదు. రెండడుగులే ఉంటే ఏసీ ఔట్‌డోర్ యూనిట్, వాషింగ్ మిషన్, బట్టల స్టాండ్ లాంటివి తెరకి తగులుతాయేమో కూడా చూసుకోండి. చిరిగేది అక్కడే.

9. ప్రాక్టీస్. ఒక ఆదివారం ఇంట్లో ఇద్దరూ కలిసి టైం పెట్టుకుని మొత్తం కట్టి, విప్పండి. మాకు మొదటిసారి రెండున్నర గంటలు పట్టింది, ఇప్పుడు ముప్పావు గంట. తెర పై అంచున మధ్యలో మార్కర్‌తో "పైన, హాలు" అని రాయండి, బెల్టులకీ యాంకర్లకీ ఒకే వరసలో నంబర్లు వేయండి. కరెంటు పోయాక ఫోను లైటులో కట్టాల్సి వస్తే ఈ నంబర్ల విలువ తెలుస్తుంది.

బాల్కనీ లేని కిటికీలు

వీటికి ఈ పద్ధతి వద్దు. పై అంతస్తులో కిటికీలోంచి బయటికి వంగి కట్టే ఏ తెరా ప్రాణం కంటే ఎక్కువ కాదు. లోపలి నుంచి హ్యాండిల్‌తో దించే, పక్కల పట్టాల్లో నడిచే తెరలు ఉంటాయి, వాటిని అమ్మేవాళ్లే బయటి నుంచి బిగించాలి. లేదా అద్దం మార్చే అవకాశం వచ్చినప్పుడు లామినేటెడ్ అద్దం వేయించుకోండి, పగిలినా ముక్కలు పొరకి అంటుకునే ఉంటాయి. అద్దానికి లోపల అంటించే సేఫ్టీ ఫిల్మ్ పగలడాన్ని ఆపదు, ముక్కలు ఎగరడాన్ని తగ్గిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు సముద్రం వైపు భవనాల అద్దాలు ఎలా రాలిపోయాయో చూసినవాళ్లకి ఈ తేడా ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది.

అద్దానికి గుణకారం గుర్తులా టేపు అంటించడం వల్ల ఉపయోగం లేదు. పగలకుండా ఆపదు, పగిలితే ముక్కలు పెద్దవిగా పడతాయి.

తుఫాను వస్తోందని తెలిశాక

వాతావరణ శాఖ సైక్లోన్ అలర్ట్ గాలివాన మొదలవ్వడానికి కనీసం 48 గంటల ముందు ఇస్తుంది, సైక్లోన్ వార్నింగ్ 24 గంటల ముందు. అలర్ట్ రాగానే కట్టేయండి. వార్నింగ్ వచ్చేదాకా ఆగితే ఈదురుగాలి మొదలైపోతుంది, చేతిలో తెర ఎగిరిపోతుంటుంది. ఒకవేళ ఆలస్యమైపోయి, తెర విప్పగానే మిమ్మల్ని లాగుతోందనిపిస్తే కట్టడం మానేసి లోపలికి వచ్చి బాల్కనీ తలుపు వేసేసుకోండి. సగం కట్టిన తెర, అసలు లేని తెర కంటే ప్రమాదం.

మాది పడమర వైపు, మాకెందుకు అనేవాళ్ల కోసం ఒక మాట. తుఫాను గాలి మన వైపు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. తీరం దాటే చోటు మీకు దక్షిణాన ఉంటే, ఉదాహరణకి కాకినాడలో మీరుండి అది నరసాపురం దగ్గర దాటితే, గాలి ఈశాన్యం నుంచి మొదలై తూర్పుకి, ఆగ్నేయానికి తిరుగుతుంది, అంటే సముద్రం నుంచే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా అలాగే దాటింది. అదే మీరు నరసాపురంలో ఉండి అది కాకినాడ దగ్గర దాటితే, మీకు గాలి ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకి తిరుగుతుంది, అంటే పొలాల వైపు నుంచి. తుఫాను కన్ను సరిగ్గా మీ మీదుగా వెళితే కాసేపు నిశ్శబ్దమై, ఆ తర్వాత పూర్తిగా ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను చూసిన కోనసీమ పెద్దవాళ్లని అడగండి, గాలి దిక్కు మారడం అంటే ఏంటో వాళ్లు చెబుతారు. ఆ నిశ్శబ్దంలో తెర సరిచేద్దామని బాల్కనీలోకి వెళ్లొద్దు.

తెర కట్టాక ఇవి చూసుకోండి. బాల్కనీ నీళ్ల గొట్టం మూతి మీద ఆకులు తీసేయండి, తెర జల్లుని తగ్గిస్తుందే కానీ నీళ్లు వస్తాయి. స్లైడింగ్ తలుపు కింది పట్టాలో నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయండి. హాల్లోకి నీళ్లొచ్చాయని చెప్పిన చాలామందికి కారణం ఈ రంధ్రాల్లో పేరుకున్న మట్టే. మొక్కల కుండీలు లోపలికి. తెర వెనక ఉన్నాయి కదా అని కుర్చీలు వదిలేయకండి. గాలి ఒత్తిడి సమానం అవ్వాలని అవతలి వైపు కిటికీ తెరిచి పెట్టమని కొందరు చెబుతారు, అది తప్పు, అన్నీ మూసే ఉంచండి. గాలి ఉద్ధృతంగా ఉన్నంతసేపు అద్దాలు లేని లోపలి గదిలో ఉండండి, లిఫ్ట్ వాడకండి.

తర్వాత

గాలి పూర్తిగా తగ్గాక, వెలుతురులో, ముందు కింది వరస వదులు చేసి తర్వాత పైది విప్పండి. ప్రతి యాంకర్ చుట్టూ బీట వచ్చిందేమో, ప్రతి ఉచ్చులో దారం సాగిందేమో వేలితో తడిమి చూడండి. అరచేయంత చిరుగుంటే అతుకు వేయించొచ్చు. అంచు బెల్టు దగ్గర చిరిగితే ఆ తెర మార్చేయాలి, అతుకు నిలవదు.

మంచినీళ్లతో ఉప్పంతా పోయేలా కడిగి, పూర్తిగా ఆరాకే మడవండి. తడిగా మడిచి అటక మీద పెడితే బూజు పడుతుంది. ఎలుకలు బెల్టుని కొరుకుతాయి కాబట్టి గుడ్డ సంచిలో కాకుండా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, బెల్టులూ యాంకర్ తలలూ అదే డబ్బాలో. రాచెట్లకి కాస్త గ్రీజు. ఏటా దసరాకి ముందు ఒకసారి బయటికి తీసి కట్టి చూడండి, మూడేళ్లకోసారి కాటా పరీక్ష మళ్లీ చేయండి.

ఇంకొకటి. మన ఊళ్లలో ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండేవాళ్ల ఫ్లాట్లు రెండు మూడు తాళం వేసి ఉంటాయి. పై అంతస్తులో అలాంటి ఫ్లాట్ అద్దం పగిలితే నీళ్లు కింది ఇళ్లలోకి దిగుతాయి, చూసేవాళ్లు లేక తెల్లారేదాకా దిగుతూనే ఉంటాయి. మా పైన ఏడో అంతస్తు వాళ్లు డాలస్‌లో ఉంటారు. మా తెర కుట్టించినప్పుడే వాళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడి, వాళ్లదీ కుట్టించి, డబ్బా వాళ్ల హాల్లో తలుపు పక్కనే పెట్టించాం, తాళం చెవి ఒకటి మా ఇంట్లో ఉంటుంది. మీ పైన ఎవరున్నారో, వాళ్ల తాళం ఎవరి దగ్గరుందో ఇప్పుడే కనుక్కోండి.